కొలవని చుక్కలు

మా స్కూలు కెమిస్ట్రీ ల్యాబ్‌లో క్లాసంతా పట్టేన్ని బల్లలున్నాయి. వాటి మధ్య నిలబడేది మాత్రం నేనొక్కదాన్నే.

పదకొండో తరగతి మొదట్లో క్లాసు నిండుగానే ఉండేది. మోల్ లెక్కలు రాగానే సగం మంది జారుకున్నారు. సమీకరణాలు తుల్యం చేయడం మొదలవగానే మిగతావాళ్లు కామర్స్‌కు మారిపోయారు. ఆఖరికి నా ప్రాణస్నేహితురాలు, మేమంతా పొట్టి అని పిలిచే పిల్ల, అదీ వెళ్లిపోయింది.

"తలనొప్పి కొని తెచ్చుకోవడం ఎందుకే? నువ్వూ వచ్చెయ్," అంది.

నాకు ఒళ్లు మండింది. నేనసలే మొండిదాన్ని. అందరూ ఒకవైపు పోతుంటే నా కాళ్లు అటు కదలవు. పైగా నాకా సబ్జెక్టు నచ్చింది. నీళ్లలా కనిపించే రెండు ద్రవాలు కలిస్తే రంగెందుకు పుడుతుందో తెలుసుకోకుండా ఎలా ఊరుకుంటాను? అలాగని ఇష్టపడగానే బుర్రకెక్కుతుందా? ఎక్కి చావదు. ఒక్కో లెక్క ముందు కూర్చుని జుట్టు పీక్కునేదాన్ని.

ఒక్క పిల్ల కోసం క్లాసు నడపడం కుదరదని ప్రిన్సిపాల్ మేడమ్ తేల్చేశారు. మా కెమిస్ట్రీ మాస్టారు వెళ్లి వాదించి వచ్చారు. చివరకు ఒక ఒప్పందం కుదిరింది. శుక్రవారం ప్రాక్టికల్ పరీక్ష పెట్టడానికి వేరే స్కూలు నుంచి టీచరు వస్తారు. నేను పాసైతే క్లాసు ఉంటుంది. లేకపోతే నేను కామర్స్‌కు వెళ్లాలి, ల్యాబ్‌కు తాళం పడుతుంది.

పరీక్షలో చేయాల్సింది టైట్రేషన్. పిపెట్ అనే సన్నటి గాజు గొట్టంతో కొలిచి ఫ్లాస్కులో ఆమ్లం పోసి, రంగు చూపే సూచిక రెండు చుక్కలు వేయాలి. పైన బిగించిన గీతల గొట్టం, అంటే బ్యూరెట్ నుంచి క్షారాన్ని చుక్కచుక్కగా వదలాలి. లేత గులాబి రంగు వచ్చి నిలవగానే ఆపేసి, క్షారం ఎంత పట్టిందో చూడాలి. చెప్పుకోవడానికి ఇంతే. నాకు మాత్రం ప్రతిసారీ ఎక్కువే పట్టేది. పోనీ ఆ ఎక్కువైనా ఒకేలా ఉండేదా అంటే, అదీ లేదు.

మాస్టారు నా అంకెలు చూసి మొహం చిట్లించేవారు. "ఎక్కడో తప్పు చేస్తున్నావమ్మా. వెతుక్కో," అని బయటికి వెళ్లిపోయేవారు. తను దగ్గరుంటే నా చేతులు వణుకుతాయని ఆయన భయం. వణికితే వణికాయి, గదిలో ఒక మనిషైనా ఉండేవారు కదా అని నాకుండేది. తోటివాళ్లుంటే ఎలా చేస్తున్నారో ఓరకంట చూసేదాన్ని. గోడల్ని చూస్తే ఏం తెలుస్తుంది?

గురువారం మళ్లీ తప్పింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ కోపంలోనే సామాను కడగడం మొదలుపెట్టాను. బ్యూరెట్‌ను నీళ్లతో కడిగాక, అందులో పోయబోయే క్షారంతో మరోసారి కడగాలని మాస్టారు నేర్పారు. పిపెట్‌ను అలాగే ఆమ్లంతో కడగాలి. రెండింటికీ చేసిన మర్యాద మూడోదానికి ఎందుకు తగ్గించాలని, నేను ఫ్లాస్కును కూడా ఆమ్లంతో కడిగేదాన్ని. మా అమ్మ ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. శుభ్రం విషయంలో నేను ఆవిడ కూతుర్నే. రోజూలాగే కడిగి వంపేసి, ఫ్లాస్కును బల్ల మీద పెట్టాను. లోపల అంటుకున్న చుక్కలు మెల్లగా అడుక్కి జారాయి.

వాటిని చూస్తూ ఆగిపోయాను. లెక్కలోకి వచ్చేది పిపెట్‌తో కొలిచిందే. మరి ఈ చుక్కల్ని ఎవరు కొలిచారు? ఇదీ ఆమ్లమే, దీనికీ క్షారం కావాలి. అందుకే ప్రతిసారీ ఎక్కువ పడుతోంది. అదే ఉత్త నీళ్లతో కడిగితే, నాలుగు చుక్కలు మిగిలినా ఆమ్లం పెరగదు. ఓసి నా బుర్రా, ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావే అనుకున్నాను.

నీళ్లతో కడిగి మళ్లీ చేశాను. అంకె తగ్గింది. ఇంకోసారి చేశాను. అదే అంకె. ఎవరో చెబితే నమ్మడం వేరు, నా అంతట నేనే పట్టుకోవడం వేరు. ఇలాంటి ఒక్క క్షణం దొరుకుతుందంటే ఎన్ని మోల్ లెక్కలైనా భరిస్తాను.

ఎవరికైనా చెప్పాలని పరిగెత్తాను. పొట్టి మెట్ల మీద కొత్త స్నేహితులతో కూర్చునుంది. ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పాను.

"అయితే పాసవుతావన్నమాట. మంచిదేగా," అని అది మళ్లీ వాళ్లవైపు తిరిగింది.

ఇంటికెళ్లి అమ్మకు చెప్పాను. "ఇంకోసారి కడిగితే తప్పేంటే? శుభ్రంగా ఉంటుందిగా," అంది.

అంత సంతోషాన్నీ నాలోనే దాచుకోవాల్సి వచ్చింది. చాలా దిగులేసింది.

శుక్రవారం నా చేతులు వణకలేదు. వచ్చిన టీచరు అంకెలు చూసి, తలూపి, సంతకం పెట్టారు. క్లాసు నిలిచింది. సోమవారం ల్యాబ్ తలుపు తీసేసరికి లోపల ఎవరూ లేరు. ఎవరుంటారు? వచ్చే ఏడాది కూడా ఇదే గది, ఇదే నిశ్శబ్దం. ఇంత కష్టపడి గెలుచుకుంది దీన్నేనా అనిపించి ఏడుపొచ్చేసింది.

మాస్టారు వచ్చి గుమ్మంలోనే ఆగారు. "పాసయినవాళ్లు ఎవరైనా ఏడుస్తారా?"

"తప్పెక్కడుందో దొరికింది సార్. చెప్పుకుందామంటే అర్థమయ్యేవాళ్లు ఒక్కరూ లేరు."

"స్టాఫ్‌రూములో నా గతీ అంతేనమ్మా," అన్నారు. స్టూలు లాక్కుని నాకెదురుగా కూర్చున్నారు. "ఏం దొరికిందో చెప్పు."

చెప్పాను. చుక్కల దగ్గరికి వచ్చేసరికి ఆయన ముందుకు వంగారు. అయిపోయాక కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"మళ్లీ మొదట్నించి చెప్పమ్మా," అన్నారు.