జెఫన్యా గోతిలో ఎర్ర రమ్ము

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. జెఫన్యాకి కళ్ళతో పాటు నాలుక కూడా మారిపోయింది. బతికినన్నాళ్ళూ బట్టీ నుంచి దిగిన తెల్ల రమ్ము తప్ప ఇంకోటి ముట్టని మనిషి, పోయాక వారం తిరక్కుండానే పీపాల్లో పండిన ఎర్ర రమ్ము కోసం ప్రాణం పెట్టేవాడైపోయాడు. ఆ మాట సీసా మీద అచ్చయింది. అతను ఇంకా మంచం మీద మూలుగుతుండగానే అచ్చు వేయించి సిద్ధంగా పెట్టుకున్నారట.

చెల్లెలు అయోనీ ఆ సీసాని చచ్చిన ఎలుకని తోక పట్టుకుని ఎత్తినట్టు రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది. 'ఆరు తరాల వారసత్వం' అని బంగారు అక్షరాలు. వాటి కింద దొరల బంగళా, మెట్ల మీద గ్లాసులు పట్టుకుని నవ్వుతున్న నల్లవాళ్ళు. అందులో తలగుడ్డ కట్టుకున్న ముసలామె తన నాయనమ్మట. ఆ నాయనమ్మ బాప్టిస్టు చర్చి మనిషి. రమ్ము వాసన కొట్టినవాడి వీపు మీద బైబిలుతో ఒక్కటి వేసేది. ఆ బంగళా ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే చెరుకు తోటంతా చుట్టి వెళ్ళేది. బానిసల కాలంలో ఆవిడ వాళ్ళమ్మమ్మని ఆ మెట్ల మీదే కొరడాతో కొట్టారు.

"బొమ్మ ఎలా కుదిరింది అత్తా?" అన్నాడు ఓరెట్.

ఓరెట్ జెఫన్యా ఒక్కగానొక్క కొడుకు. తల్లి చిన్నప్పుడే పోతే అయోనీ చేతుల మీద పెరిగాడు. తండ్రి పీపాలు బిగించిన బ్లెన్‌క్లేర్ రమ్ము ఫ్యాక్టరీలోనే ఇప్పుడు 'వారసత్వ ప్రతినిధి'. అదేం ఉద్యోగమో ఆమెకి ఇన్నాళ్ళూ అర్థం కాలేదు. ఇవాళ అర్థమైంది.

"నాయనమ్మ చేతిలో గ్లాసు పెట్టినవాడెవడ్రా?"

"బొమ్మే కదా అత్తా."

"ఆవిడ లేచొస్తే తెలుస్తుంది, బొమ్మో కాదో."

గొయ్యి తవ్వే రోజది. మర్నాడు పూడ్చడం. ఇంటి వెనక అయోనీ వాళ్ళ నాన్న సమాధి పక్కన ఊళ్ళో గోతులు తవ్వే జీక్, అతని మనుషులు గునపాలు పట్టుకుని నిలబడ్డారు. పొయ్యి మీద మేకతల పులుసు మరుగుతోంది. ట్రెలానీ జిల్లాలో ఎక్కడైనా సరే, నేలకి రమ్ము పొయ్యకుండా మొదటి గునపం దిగదు. అది కూడా పోయినవాడు ఏది తాగేవాడో అదే పొయ్యాలి. జీక్ తెల్ల రమ్ము సీసా చంకలో పెట్టుకునే వచ్చాడు.

ఓరెట్ మాత్రం కింగ్‌స్టన్ పట్నం నుంచి కెమెరావాణ్ణీ, ఫ్యాక్టరీ ముద్ర కాల్చిన చిన్న పీపానీ తెచ్చాడు. జెఫన్యా చేసిన పీపాలు చూసినవాళ్ళెవరూ దాన్ని పీపా అనరు. బొమ్మల కొట్లో కొన్నట్టు తళతళలాడుతోంది. దాంట్లోంచి రమ్ము నేలకి పొయ్యాలి. తర్వాత అయోనీ కెమెరా ముందు నిలబడి, ఇది మా అన్న చేసిన పీపాల్లో పండింది, మా అన్నకి ఇష్టమైంది, కలిపినవన్నీ పాత రమ్ములే తప్ప ఇందులో ఇంకేమీ లేదు అని చెప్పాలి. నిన్నటి నుంచీ ఇదే వాయిస్తున్నాడు.

"ఆ నాలుగు మాటలు చెప్పత్తా. చెప్పకపోతే నా ఉద్యోగం ఉండదు."

పెంచిన ప్రాణం కదా, సరే అంది. అన్న శవం ఇంకా మట్టిలో పడకముందే అబద్ధానికి ఒప్పుకున్నందుకు ఆమెకి తన నోరు తనకే పాచి కంపు కొట్టినట్టుంది.

ఓరెట్ రమ్ము పోశాడు. ఒకసారి పోస్తే చాలు, కానీ వెలుగు సరిగ్గా పడలేదని రెండోసారి, సీసా మీది పేరు కనపడలేదని సీసాతో మూడోసారి పోశాడు. జీక్ మొహం తిప్పుకున్నాడు. గొయ్యి మోకాలి లోతు దిగాక అందరూ పులుసు తాగడానికి వెళ్ళారు. కెమెరావాడు గిన్నెలో తేలిన మేక దవడ చూసి వద్దన్నాడు. వాళ్ళు తెచ్చిన రమ్ము మాత్రం ఆవురావురుమని తాగాడు.

తిరిగొచ్చేసరికి గొయ్యి అంచంతా కదులుతోంది. రమ్ము పడ్డ చోటల్లా ఎర్ర చీమలు దట్టంగా పట్టాయి. లోపలి గోడ మీంచి బారులు తీరి అడుక్కి దిగుతున్నాయి. ఎండకి ఘాటంతా ఎగిరిపోయి నేల మీద బంకగా మిగిలినదాన్ని నాకుతున్నాయి. రేపు అన్న పడుకోవాల్సిన చోటు అది.

"బెల్లం ఉన్నచోటే చీమలు," అన్నాడు జీక్. "నలభై ఏళ్ళుగా గోతుల్లో రమ్ము పోస్తున్నాను. చీమని ఇప్పుడే చూడ్డం."

"పాకం కలిపారా?" అని అయోనీ ఓరెట్‌ని అడిగింది.

"కొంచెం అత్తా. రంగుకీ, నునుపుకీ. అందరూ కలుపుతారు."

"మరి ఏమీ కలపలేదని నన్ను చెప్పమన్నావు."

జీక్ గునపం మీద గడ్డం ఆనించుకుని, మెల్లిగా అన్నాడు: "జెఫన్యాకి తెలుసమ్మా. పాకం డబ్బాలు లోపలికెళ్ళడం కళ్ళారా చూశాడు. నా పీపాలకి రంగు రాదనుకున్నారా, రుచి రాదనుకున్నారా అని ఆ రోజంతా ముద్ద ముట్టలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"వీడు అప్పుడే పనిలో చేరాడు."

అన్న మీద కూడా రోత పుట్టింది ఆమెకి. ఎన్ని సాయంత్రాలు ఇదే అరుగు మీద తెల్ల రమ్ము గ్లాసు పట్టుకుని, రమ్ముకి రంగూ రుచీ పట్టడానికి ఆ రోజు ఎన్ని పీపాల లోపలి చెక్క కాల్చాడో చెప్పేవాడు. కడుపులో ఇది పెట్టుకునే చెప్పాడన్నమాట. మింగినదంతా ఇప్పుడు తన నోట్లోకి కక్కి పోయాడు.

"మట్టి కప్పేసి ఇటు పక్కనించి తీద్దాం," అన్నాడు ఓరెట్. "అత్తా, ఇక్కడ నిలబడు. చీమలు కనపడవు."

"ఇందులో మా అన్న పడుకోడు," అంది అయోనీ. "జీక్ అన్నా, పక్కన ఇంకోటి తవ్వండి. నీ సీసాలోది పోసి తవ్వండి."

జీక్ తల గోక్కున్నాడు. "తవ్వుతాం. కానీ తెరిచిన గొయ్యిని ఉత్తినే పూడ్చకూడదు. ఇంట్లో ఇంకొకళ్ళని అడుగుతుంది. శవానికి బదులు అరటి బోదె నరికి తెస్తాను ఉండు."

"బోదెందుకు? అదుందిగా," అంటూ ఆ తళతళలాడే పీపాని చూపించింది.

మనుషులు ముందు జంకారు. జీక్ వంగి ఒక పక్క పట్టుకోగానే మిగతావాళ్ళు వచ్చారు. ఓరెట్ గొడవ చేస్తాడనీ, పీపాకి అడ్డం పడతాడనీ అయోనీ అనుకుంది. అరిచినా బాగుండేది. అలా జరిగితే రెండు చెంపలూ వాయించి, పులుసు పోసి, ఈ పాడు ఉద్యోగం వదిలెయ్యరా అని చెప్పేది. ఆ మాట నాలుక చివరే ఉంది.

వాడు అరవలేదు. వాడి మొహం వెలిగింది. కెమెరావాడి భుజం తట్టి, గోతి దగ్గరకి జరగమని సైగ చేశాడు. "వదలకు, మొత్తం తియ్యి," అన్నాడు గొంతు తగ్గించి. "ముద్ర కనపడాలి. పెద్దాయన పక్కన పీపాని సమాధి చేస్తున్న కుటుంబం. మనం రాసుకొచ్చినదానికన్నా ఇదే బాగుంది. అత్తా, కొంచెం ఏడుస్తావా?"

ఇందాకటి చీమలు నయం, వాటికి తెలిసింది ఆకలొక్కటే. అయోనీ తను ముద్దలు పెట్టి పెంచిన మొహం కేసి చూసింది. ఎక్కడా సిగ్గు కనపడలేదు.

"ఓరెట్," అంది. "రేపు మీ నాన్న పెట్టె నువ్వు మొయ్యొద్దు."

"ఏంటి?"

"తల దగ్గర జీక్ పట్టుకుంటాడు. నువ్వు చెయ్యి వెయ్యొద్దు. చర్చిలో వెనక బల్ల మీద కూచో."

"నేను కొడుకుని అత్తా. ఊరంతా చూస్తుంది."

"చూడాలి."

మనుషులు పీపా పట్టుకుని అలాగే నిలబడ్డారు. కెమెరావాడు మాత్రం చెప్పిన పని మానకుండా, మెల్లిగా కెమెరాని పీపా మీంచి ఓరెట్ మొహం మీదికి తిప్పాడు.

ఓరెట్ చెయ్యి చాచి కెమెరా అద్దానికి అడ్డం పెట్టాడు. "ఇది వద్దు," అన్నాడు. "ఇది తియ్యకు."