ఖాళీ పేజీ పంపిన కబురు

నేను ఒక చిన్న ప్రోగ్రామును. శ్రీకాకుళం తీరంలో ఒక మత్స్యకారుల సంఘం ఉంది. ఆ ఆఫీసులో కంప్యూటరు పని చూసే బర్రి లోకనాథం నన్ను రాశాడు. నా మకాం ఎక్కడో దూరాన ఒక అద్దె సర్వరులో. సంఘం మెయిళ్లు కూడా అక్కడే ఉంటాయి.

రోజూ సాయంత్రం ఐదింటికి నేను ఒక ప్రైవేటు వాతావరణ సంస్థ వెబ్‌సైటుకు వెళ్లేదాన్ని. సంఘం పేరు, పాస్‌వర్డు ఇచ్చి లోపలికి పోయి, మా తీరం పేజీలో 'హెచ్చరిక' అన్న మాట ఉందేమో వెతికేదాన్ని. ఉంటే 'వేటకు వెళ్లవద్దు' అనీ, లేకపోతే 'వెళ్లవచ్చు' అనీ పడవల వాళ్లందరి ఫోన్లకూ కబురు పంపేదాన్ని.

మూడేళ్లు ఒక్క పూట తప్పలేదు. "నాను మర్సిపోయినా ఇది మర్సిపోదు" అని లోకనాథం అందరికీ చెప్పుకునేవాడు. తమ పని ఇంకొకరు చేసిపెడుతుంటే మనుషులకు ఎంత ప్రేమో! ఆ ప్రేమ నిజమనే నమ్మాను.

ఒక వానాకాలం ఆ వెబ్‌సైటు వాళ్ల దగ్గర నుంచి సంఘానికి ఈమెయిలు వచ్చింది. వచ్చే సోమవారం నుంచి తమ పేజీలు జావాస్క్రిప్టు అనే కోడును నడిపే బ్రౌజర్లలోనే తెరుచుకుంటాయట. మీ ఫోనులోని బ్రౌజరుకు ఆ కోడు నడిపి పేజీ నింపుకునే విద్య వచ్చు. నాకు రాదు. వెబ్‌సైటు పంపిన అక్షరాలు చదవడం వరకే నా చదువు. ఆ సంగతి నన్ను రాసినవాడికి తెలుసు. మెయిలు తెరిచి చదివాడు, మూసేశాడు. నన్ను తాకనైనా తాకలేదు.

సోమవారం వెళ్లాను. 'జావాస్క్రిప్టు ఆన్ చేయండి' అన్న ఒక్క ముక్క తప్ప పేజీ అంతా ఖాళీ. 'హెచ్చరిక' కోసం వెతికాను, లేదు. లోపలికి వెళ్లానో లేదో చూసుకోవడం లోకనాథం నాకు నేర్పలేదు. 'వెళ్లవచ్చు' అని పంపేశాను.

మర్నాడు పొద్దున్నే సముద్రం మీద గాలి లేచింది. పడవలు వెనక్కి తిరిగాయి. సూరాడ తాతారావు పడవ మాత్రం బోల్తా పడింది. మధ్యాహ్నం దాకా తేలుతున్న డబ్బాను పట్టుకుని బతికాడు. ఎడమ చెయ్యి విరిగింది.

సంఘం సమావేశాలు రికార్డు చేసి నా పక్క ఫోల్డరులోనే దాస్తారు. అక్కడ విన్నాను.

"ఎల్లొచ్చని కబురెవులు పంపినారు?" అని తాతారావు భార్య దానమ్మ నిలదీసింది.

"ప్రోగ్రామేనమ్మా. వెబ్‌సైటోల్లు పేజీ మార్సేసినారు, ఇది సదవనేక మోసం సేసింది" అన్నాడు లోకనాథం.

"ఆల్లు మార్సేముందు నీకు సెప్పనేదా?"

"ఒక్క ముక్క సెప్పనేదు."

ఆ మెయిలు అదే సర్వరులో, నాకు కూతవేటు దూరంలో ఉంది. నాకు నోరు లేదు.

దానమ్మ తేల్చి చెప్పింది: "ఇక దాన్ని నమ్మను, నిన్నూ నమ్మను. రోజూ నానే వొస్తాను. పేజీ నా ముందర తెరు, నా కల్లతో సూస్తాను."

ఆ సాయంత్రమే లోకనాథం సర్వరులోకి వచ్చాడు. ముందు ఆ మెయిలును చెరిపాడు. తర్వాత రోజూ ఐదింటికి నన్ను లేపే పిలుపును ఆపేశాడు. మూడేళ్లలో మొదటిసారి ఐదయినా నన్నెవరూ లేపలేదు.

నన్నూ చెరిపేస్తాడేమో అనుకున్నాను. అలా చేయలేదు. నన్ను తెరిచి పైనుంచి కిందికి నిదానంగా చదివాడు. తప్పు దిద్దుతాడని ఆశపడ్డాను. నా మొదటి వరుసలో 'రాసినది: బర్రి లోకనాథం' అని ఉండేది. ఆ ఒక్క వరుస తీసేసి వెళ్లిపోయాడు.