వంటగట్టు రేకు

కాశీరావు అరుగు మీద గోనెసంచి పరిచి, రేకును బోర్లా వేసి, చెక్క సుత్తితో మెల్లగా కొడుతున్నాడు. రెండు మూడు దెబ్బలకోసారి తిరగేసి వేళ్ళతో తడుముతున్నాడు. గుంట పోయిందనిపించాక అరచేత్తో నొక్కాడు. టక్ మని కిందికి పోయింది. చెయ్యి తీయగానే టక్ మని పైకి వచ్చింది. మళ్ళీ సుత్తి అందుకున్నాడు.

ఒకసారి సాగిన రేకు పాత కొలతకి రాదు. ఇక్కడ అణిస్తే పక్కన లేస్తుంది.

ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే షెడ్డులో అతను టింకరింగ్ మేస్త్రి. గుద్దుకున్న బస్సులూ, బోల్తాపడ్డ బస్సులూ వస్తాయి. సొట్టలు తీసి రంగు వేసేవాళ్ళకి అప్పజెబుతాడు. అక్కడ ఏమీ జరగనట్టు కనిపిస్తే పని బాగా కుదిరినట్టు. ఏ సొట్ట దేనివల్ల పడిందో అతనికి చూడగానే తెలుస్తుంది. ఎవరికీ చెప్పడు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, ఏం కూర అని అడుగుతాడు.

గుణదల కొండ కింద ఈ ఇంట్లోనే అతని భార్య కొండలమ్మ చేపలు కోసి, పులుసు పెట్టి అమ్ముతుంది. వంటగట్టు చెక్కది. నీళ్ళు పీల్చి కుళ్ళింది. ఎంత కడిగినా వాసన పోవడం లేదు. వాడుకగా కొనేవాళ్ళు కొందరు రావడం మానేశారు. ఇంకో వానాకాలం ఈ చెక్క మీద కోస్తే మిగిలినవాళ్ళూ రారని ఇద్దరికీ తెలుసు. కాశీరావు స్టీలు గట్టు ధర ఒకసారి అడిగి వచ్చి, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఈ అల్యూమినియం రేకు షెడ్డులో తుక్కు కింద పడేసింది. కంకిపాడు దాటాక కాలవలో పడ్డ బస్సుది. లోపలివైపు, కిటికీ కింద బిగించే రేకు. దాని మీది గుంట మడమంత ఉంది. ఒకే చోట చాలాసార్లు తగిలితే పడే గుంట. కొండలమ్మకి మాత్రం కొత్త రేకని చెప్పాడు. తెలిస్తే దాని మీద కత్తి పెట్టదు.

పాత చెక్క పీకేసి, షెడ్డులో మిగిలిన ప్లైవుడ్ పలక గట్టు మీద పెట్టాడు. దానికి జిగురు పూసి, రేకు పరిచి, గుడ్డతో మధ్య నుంచి అంచులకి రుద్దాడు. ముందు అంచు కిందికి మడిచి, అడుగు నుంచి మరలు బిగించాడు. మూలల దగ్గర రేకు కత్తిరించి, ఒక మడత మీద ఇంకో మడత వచ్చేలా కొట్టాడు. మూడు మూలలు అయ్యాయి.

పక్కింటి తెరేసమ్మ గిన్నె పట్టుకుని పులుసుకి వచ్చింది.

"ఏంటి వదినా, అన్నయ్య ఇంట్లోనే బస్సు కడతన్నాడా? విండో సీటు నాకే ఉంచండి."

"కూచో, టిక్కెట్టు తెంపుతా," అంది కొండలమ్మ నవ్వుతూ. నవ్వుతూనే కొత్త గట్టు మీద చెయ్యి ఆనించింది. టక్ మంది.

తెరేసమ్మ గిన్నె అక్కడ పెట్టి వెళ్ళేదాకా కొండలమ్మ ఆగింది.

"ఏ బస్సుది?"

"కొత్తదని చెప్పాగా."

"కొత్త రేకుని పొద్దుట్నించీ ఎందుకు కొడతన్నావు? నేనేవన్నా చెవిటిదాన్నా?"

కాశీరావు వేళ్ళకంటిన జిగురు గీక్కున్నాడు. "కాలవలో పడ్డదాన్ది."

"ఎవరన్నా పోయారా?"

"ఒకళ్ళు. ఆడమనిషంట. పామర్రులో దిగాల్సింది."

"ఏం ఉంది దీని మీద?"

"మడమ గుంట. తన్నుకుంది."

కొండలమ్మ గుమ్మంలోకి జరిగింది.

"ఊడదీసేస్తాలే," అన్నాడు. "షెడ్డులో పడేస్తా."

"మా నాన్న పోయిన పడవ మీదే మా అన్న చేపల ఏటకెళ్ళాడు. పడవనేం పారెయ్యలా. ఆ సంగతి ఎవరి దగ్గరా దాచనూలేదు. ఆ మనిషి అంత తన్నుకుంటే, ఆ ఒక్క గుర్తూ చెరిపేసి కొత్తదని నా చేతికిస్తావా?"

"నా పనే అది కదే."

ఆమె పసుపు కలిపిన నీళ్ళు తెచ్చి గట్టంతా కడిగింది. చేప పెట్టి కోసింది. కత్తి కింద రేకు రెండుసార్లు చప్పుడు చేసింది. పులుసు దించాక మొదటి ముక్కా, కొంచెం అన్నం ఆ పోయిన మనిషికని ఆకులో పెట్టి అతని చేతికిచ్చింది. కాశీరావు దగ్గర్లోని కాలవ దాకా నడిచి వెళ్ళి నీళ్ళలో వదిలి వచ్చాడు.

"పేరు తెలుసా?" అంది కొండలమ్మ వడ్డిస్తూ.

"తెలీదు."

"అడగాల్సింది."

"ఆ నాలుగో మూల ఉండిపోయింది," అన్నాడు అతను. "చెయ్యి లాగుతోంది. కాసేపు పడుకుని లేచి చేస్తా."

వంటగదిలోనే చాప వేసుకున్నాడు. ఎండ తగ్గాక కొండలమ్మ టీ పెట్టి పిలిచింది. పలకలేదు. దించిన గిన్నె వేడికి రేకు టక్ మంది. చాప మీద అతను కదల్లేదు.

కాశీరావు దినం అయ్యాక షెడ్డు నుంచి యేసుకుమార్ వచ్చాడు. మడవని మూల చూసి సుత్తి తీశాడు.

"పిన్నీ, చెయ్యి కోసుకుంటావు. రెండు దెబ్బల పని."

"ముట్టుకోమాక. ఎంతమటుకు చేశాడో అంతమటుకే ఉండనీ."

వానలు మొదలయ్యాయి. గట్టుకి వాసన లేదు. మానేసినవాళ్ళలో ఒకరిద్దరు మళ్ళీ వస్తున్నారు. కొండలమ్మ ఆ గట్టు మీదే కోస్తుంది. కోసే ముందు అరచేత్తో ఒకసారి నొక్కుతుంది, చప్పుడయ్యాక మొదలుపెడుతుంది.

నాలుగో మూలకి కాశీరావు ఖాకీ చొక్కా జేబు ఊడదీసి తొడిగి, వలదారంతో కట్టింది. రేకు మీద గీతలు గీసే పెన్సిలు మరక, జేబు అంచున, ఉతికినా అలాగే ఉంది.