ముందు చూపిన రాయి

మనుషులను నమ్మే జబ్బు ఐలేశానికి ఏనాడూ లేదు. ముప్ఫై ఏళ్లుగా అచ్చంపేట అంగడిలో గొర్రెలు అమ్ముతున్న మనిషికి అది అంటుకునే వీలు కూడా లేదు. బేరగాడు రాగానే మేలైన పొట్టేలును మంద వెనక దాచి, ముందు ఏదో వంక ఉన్నదాన్ని తోలేవాడు. ఉన్న వంకనే చెప్పినవాడితో బేరం సాగేది. లేని వంకలు పెట్టినవాడికి అసలుది చూపించేవాడే కాదు.

అలాంటివాడికి పోయి పోయి ఆకాశం నుంచి రాయి దొరికింది. పది రోజుల కింద, పొద్దుగూకే వేళ గుట్ట మీద మందను మళ్లేస్తుంటే ఎర్రటి వెలుగొకటి ఉరుము చప్పుడుతో తల మీదుగా పోయి, కళ్ల ముందే అల్లంత దూరాన పొదల్లో పడింది. గొర్రెలు చెల్లాచెదురయ్యాయి. తెల్లారి వెతికితే తంగేడు పొదల దగ్గర చిన్న గుంత, అందులో నల్లటి రాయి.

ఊళ్లో చెబితే ఒక్కడూ నమ్మలేదు.

"కల్లు ఎక్కువైతే చుక్కలు గట్లనే రాలుతయి ఐలేశం" అన్నాడు చాయ్ హోటల్ పోచయ్య. అప్పటి నుంచి ఐలేశం హోటల్లోకి రాగానే ఎవడో ఒకడు పైకప్పు కేసి చూసి తల దాచుకునేవాడు. ఐలేశానికి ఒళ్లు మండిపోయేది. ఆ రాయిని అమ్ముకోవాలని అతనికి లేదు. తాను కళ్లారా చూశానని చదువుకున్నవాళ్లెవరైనా కాగితం మీద రాస్తే, దాన్ని పోచయ్య మొహాన పెట్టాలని మాత్రం ఉంది.

హైస్కూల్లో సైన్స్ చెప్పే కరుణ టీచర్ ఇలాంటివి పరీక్ష చేస్తుందని భార్య గుర్వమ్మ చెప్పింది. ఐలేశానికి వెంటనే అనుమానం పుట్టింది. ఉత్త రాయి అని చెప్పి తనే ఉంచుకుంటే? మార్చేస్తే? ఆలోచించి ఆలోచించి ఊరి బయటి దిబ్బ మీద నల్లగా బరువుగా ఉన్న వేరే రాయిని ఏరుకుని బడికి పోయాడు.

"నా కండ్ల ముందల పడ్డది టీచరమ్మా. గీ చేతులతోనే తీసిన" అన్నాడు రెప్ప వేయకుండా.

కరుణ దానికి అయస్కాంతం పెట్టింది. కొంచెం అంటుకుంది. భూతద్దంతో చూసి తల అడ్డంగా ఊపింది.

"బుడగలు పగిలినట్టు బొక్కలున్నయి చూడు తాతా. పైనుంచి పడే రాళ్లకు గిట్లుండవు. ఇది ఎనకట ఇనుము కరగవెట్టినోళ్లు పారేసిన చిట్టెం. నిజంగ పడంగ చూసినవా?"

"చూసిన" అన్నాడు ఐలేశం. మాట మారుస్తుందేమోనని ఆమె మొహమే చూస్తున్నాడు. ఆమె మార్చలేదు. ఉన్న వంకనే చెప్పింది. ఐలేశానికి పండుగలా అనిపించింది.

మరునాడు అసలు రాయిని గొంగడిలో చుట్టుకుని వచ్చాడు. అయస్కాంతం టక్కున పట్టుకుంది. బొక్కలు లేవు. పైన పలుచటి నల్ల పెంకు. ఒక మూలను గరుకు కాగితంతో రుద్దితే లోపల బూడిద రంగులో సన్నటి లోహపు చుక్కలు మెరిశాయి. కరుణ భూతద్దం తీసి మళ్లీ చూసింది.

"ఇది ఉల్క అయ్యేటట్టే ఉంది తాతా! తేల్చాల్సింది హైదరాబాద్ సైంటిస్టులు. ఉత్తరం రాస్త" అంటూ కాగితం తీసింది. ఊరు, గుట్ట, బరువు రాసింది. ఆ తర్వాత కలం ఆపింది. "యాడ దొరికింది?"

"దొరుకుడేంది? నా కండ్ల ముందలనే పడ్డది."

"నిన్న ఆ చిట్టెం గురించి గూడ గదే మాటన్నవ్ గద."

"అది... నువ్వు నిజం చెప్తవో లేదో చూద్దామని తెచ్చిన బిడ్డా. అంగడిల గట్లనే చూస్తం."

"నేనైతే నిజమే చెప్పిన. మరి నువ్వు?"

ఐలేశం నోరు తెరిచాడు. వెలుగు ఎటు నుంచి వచ్చిందో, గొర్రెలు ఎలా బెదిరాయో అన్నీ చెప్పాడు. చెబుతున్నకొద్దీ తన గొంతు తనకే నిన్నటి గొంతులా వినిపించింది. సిగ్గుతో తల వాలిపోయింది.

"కోప్పడకు తాతా. నువ్వు చెప్పిన దిక్కు, టైం పట్టుకునే ఆ సైంటిస్టులు రాయి వచ్చిన దారి లెక్క కడతరు. నాకు నమ్మకం లేని మాట నేనెట్ల రాయాలె?" అని కరుణ రాసింది చదివి వినిపించింది: "గుట్ట మీద దొరికింది. పడుతుండగా చూసినవారు ఎవరూ లేరు."

కింద ఐలేశం వేలిముద్ర పడింది. ఊరంతా పది రోజులుగా నవ్వుతూ అంటున్న మాటే, ఇప్పుడు అతని ముద్రతో హైదరాబాద్‌కు పోతోంది.