బావమరిది ఒంటి వెచ్చదనం

వరాహ నది పొంగి సంతంతా మునిగిన ఏడు అది. వైజాగు రోడ్డు తెగిపోయింది. కరెంటు స్తంభాలు పడిపోయాయి. నా కొట్లో ఎండుచేపలు నానిపోయి కంపు కొడుతుంటే, నా పెళ్ళాం కొండలమ్మకు ఏడో నెలలోనే నొప్పులొచ్చాయి. నర్సీపట్నం ఆసుపత్రిలో కోసి మగపిల్లాణ్ణి తీశారు. అరచేతిలో పడతాడని మా అత్త అప్పయ్యమ్మ చెప్పింది. నేను చూడలేదు.

చూడకూడదు. వాడు మూలా నక్షత్రంలో పుట్టాడు. ఆ నక్షత్రంలో పుట్టిన బిడ్డ మొహం చూస్తే తండ్రికి గండమన్నారు పురోహితులు యాజులుగారు. నెల తిరిగి అదే నక్షత్రం వచ్చాక శాంతి చేయించి, ముందు నూనెలో వాడి నీడ చూసి, ఆ తరవాతే మొహం చూడాలట. మా అత్త ఆ మాట గట్టిగా పట్టుకుంది. నన్ను వార్డు గుమ్మం దాటనివ్వలేదు. వరండాలో కూర్చున్నాను.

నెలలు నిండని పిల్లల కోసం ఆసుపత్రిలో ఒక గాజు పెట్టె ఉండేది. లోపల బల్బుల వేడి. కరెంటు లేక అది ఊరికే పడి ఉంది. వైజాగు పంపడానికి దారి లేదు. పిల్లాడు చల్లబడితే దక్కడని, ఎవరో ఒకరు రొమ్ముకు ఆనించుకుని కూర్చోవాలని డాక్టరుగారు అన్నారు. కొండలమ్మకు జ్వరం, తెలివి లేదు. మా అత్తకు దగ్గు. అప్పుడు గంగులు చొక్కా విప్పాడు.

గంగులు కొండలమ్మ తమ్ముడు. రైసు మిల్లులో బస్తాలు మోసేవాడు. ఇంత ఛాతీ. నోరు ఊరుకోదు. నర్సు వర్ధనమ్మగారు ఎవరి మొహం చూసినా విసుక్కునేది గాని గంగులు మాటలకు నవ్వేది. నన్ను మాత్రం చేపల కంపు అని వరండా చివరికి జరగమంది.

అన్నం తినడానికి వాడు బయటికొచ్చినప్పుడు పిల్లాణ్ణి ఆవిడ ఎత్తుకునేది. వాడు నా పక్కన కూర్చుని అన్నీ చెప్పేవాడు. దూదితో పాలు పిండితే ఎలా చప్పరిస్తున్నాడో, వేలు అందిస్తే ఎలా పట్టుకుంటున్నాడో. నేను అడగలేదు. అడక్కపోయినా చెప్పేవాడు.

"నాను అడుగు కదిపితే సాలు, మూలుగుతాడు బావా. ముక్కు సూత్తే నాదే. నువ్వెలాగూ సూడ్లేదు గదా, నా మాట నమ్ము."

ఆ పిల్లాడికిప్పుడు మీసాలొచ్చాయి. ముక్కు నాదేనని ఊరంతా అంటారు. ఆ రోజు ఆ మాట అనేవాడు లేడు.

ఇంటి నుంచి కూడు నేనే తెచ్చేవాణ్ణి. గంగులు గిన్నెలో చేప తోక ముక్కలు వేసేవాణ్ణి. పిల్లాణ్ణి మోస్తున్నవాడికి బలం కావాలని మా అత్త నా గిన్నెలోని నడుం ముక్క తీసి వాడికి పెట్టేది. వాడు ముల్లు కూడా చీకి తినేవాడు. ఒకసారి మా అత్త వాడి బనీను ఉతకమని నాకిచ్చింది. నూతి దగ్గర దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చెమట వాసన. దాని కింద పాల వాసన. ఆ వాసన నా బనీనుకు ఉండాలి. నీళ్ళలో ముంచబుద్ధి కాలేదు. ముంచాను.

ఒక సాయంత్రం వార్డులోంచి కేక వినపడింది. గంగులు కూర్చునే కునికాడట. పిల్లాడు పక్కకు జారి, చుట్టిన పాత చీర మడతల్లో చల్లబడి నీలంగా అయిపోయాడట. వర్ధనమ్మగారు లాక్కుని కాళ్ళూ వీపూ రుద్దితే ఊపిరి తిరిగింది. నాకు గుమ్మంలో అడ్డంగా నిలబడ్డ మా అత్త వీపు తప్ప ఏమీ కనిపించలేదు.

ఒక్కడి వల్ల కాదు, వంతులు వేసుకోండి, రేపు పొద్దుటికి ఇంకొకణ్ణి చూడండి అంది నర్సు. కొయ్యూరు దారిలో కలప కోతకు పోయిన తన అన్న కొడుకు భీమన్నకు కబురు పెడతానంది మా అత్త.

ఇంకొకడు. నా కంటే ముందు ఇంకొకడు.

"నానున్నాను," అన్నాను.

"మూలా నచ్చత్రం," అంది మా అత్త. "నీకేదన్నా అయితే ఆ గుంటడికి దిక్కెవులు?"

"గంగులున్నాడు గదా."

మా అత్త నా మొహంలోకి చూసింది.

ఇంటికి పోయాను. యాజులుగారు ఏమన్నారో మళ్ళీ మళ్ళీ తలుచుకున్నాను. చూడొద్దన్నారు. ముట్టుకోవద్దని అనలేదు.

తెల్లారగానే నూతి దగ్గర కూర్చుని కుంకుడురసంతో ఒళ్ళు తోముకున్నాను. నిమ్మచెక్కతో గోళ్ళ సందులు రుద్దుకున్నాను. ఉతికిన చొక్కా వేసుకుని ఆసుపత్రికి పోయాను. భీమన్న ఇంకా రాలేదు. వార్డు గుమ్మం ముందు తువ్వాలు మడిచి కళ్ళకు రెండు చుట్లు చుట్టి ముడేశాను. గోడ పట్టుకుని లోపలికి నడిచాను. మా అత్త నా జబ్బ పట్టుకుని, కొంతసేపటికి వదిలేసింది.

"బావా, అటు గోడ. ఇటు రా," అన్నాడు గంగులు.

వాడి గొంతు వినపడ్డ చోటికి పోయాను. వాడు లేచిన స్టూలు మీద కూర్చున్నాను. అది వెచ్చగా ఉంది. చొక్కా గుండీలు విప్పి చేతులు చాపాను.

"తే," అన్నాను.