ఊపిరి జోడు

రాజకుమారి రోజూ పొద్దున ఐదింటికే లేచి, సద్దిగిన్నె సర్దుకొని, ముక్కుకు తడిగుడ్డ చుట్టుకొని డ్యూటీకి పోయేది. రామగుండం బొగ్గుగనుల దగ్గర, సెంటినరీ కాలనీ పక్క బస్తీలో ఉంటుంది. మొగుడు భూపాల్ ఆటో నడుపుతాడు. రైలు డబ్బాల్లోకి బొగ్గు నింపే చోట, బొగ్గు మోసే బెల్టు కింద రాలిన పొడిని ఊడ్చే కాంట్రాక్టు పని ఆమెది.

ఆమె ఊపిరి బంగ్లాదేశ్‌లో ఉండే మొమెనా ఊపిరికి జోడు. ఇక్కడ దుమ్ము లేస్తే అక్కడ మొమెనా దగ్గుతుంది. అక్కడ ఇటుకబట్టీలు పొగ కక్కితే ఇక్కడ రాజకుమారికి ఆయాసం. ఇట్లాంటి వాళ్లు ఆ చుట్టుపక్కల వాడకొకరు ఉన్నారు. దానికెవరూ వింతపడరు, భయపడతారు అంతే. పోయిన ఎండాకాలం పక్కింటి నర్సింగం చాయ తాగుతూనే ఒరిగిపోయాడు. అతని జోడు నేపాల్‌లో అడవి అంటుకున్న పొగలో చనిపోయిందని తర్వాత తెలిసింది. ఒరిగిపోయినప్పుడు గ్లాసులో చాయ ఇంకా వేడిగానే ఉండింది.

అటువంటి చావులు చూసే, దేశాలు కూర్చుని జోడీల పేర్లు ఇచ్చిపుచ్చుకున్నాయి. రామగుండంలోనూ ఒక చిన్న గాలి ఆఫీసు పెట్టారు. కాగజ్‌నగర్‌లో పెరిగిన బెంగాలీ బిశ్వాస్ అందులో గుమాస్తా.

డిసెంబరులో ఒక సోమవారం, ఆమె గడప దాటకముందే బిశ్వాస్ వచ్చాడు.

"అక్కా, మొమెనాకు కాన్పు నొప్పులు షురువైనయి. ఆడ గాలి కదుల్తలేదు. పొగంత ఊరి మీద్నే కూసున్నది."

రాజకుమారి చెయ్యి రొమ్ము మీదికి పోయింది. "గందుకేనా, లేచిన కాడ్నుంచి నాకు ఊపిరాడ్తలేదు!"

"రెండాఫీసులు మాట్లాడుకున్నయి. ఆళ్లు బట్టీలు ఆర్పిస్తరు. నువ్వు దుమ్ముకు దూరం పోవాలె. రెండు దిక్కుల జరిగితేనే మీరిద్దరు బతుకుతరు."

"ఆళ్లు ఆర్పకపోతే?"

"ఆళ్లు గూడ గదే అడిగిన్రు. మీ మనిషి డ్యూటీకి పోతే ఎట్ల అని."

మూడు రోజులు నాగా పెడితే ఆ పనిలోకి వేరే మనిషి వస్తుంది. అయినా భూపాల్ ఆమె చేతిలోంచి సద్దిగిన్నె తీసుకున్నాడు. "పోతే పోనియ్యి. ఆటో ఎక్కు."

మంథని దాటినాక, గోదావరి ఒడ్డున తల్లి సమ్మవ్వ మిరపచేను. అక్కడ గాలి చల్లగా, తేటగా ఉంది. కాని పగలు పన్నెండు దాటేసరికి రాజకుమారికి గొంతు దగ్గరే ఊపిరి ఆగిపోయింది. అవ్వా అని పిలవబోతే మాట రాలేదు. గోళ్లు నీలంగా మారాయి.

భూపాల్ బిశ్వాస్‌కు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. "ఆర్పిన్రా లేదా?"

"ఆరు ఆర్పిన్రు. ఒక్కటి మిగిలింది. ఓనరు గేటు తీస్తలేడు. ఆఫీసోళ్లు నీళ్లబండి తీస్కొని పోయిన్రు."

రాజకుమారి అది విన్నది. ఎన్నడూ చూడని ఊళ్లో ఎవరో ఒక గేటు తీయాలి. తీయకపోతే ఈ గట్టు మీదనే తన చావు. ఆమె తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

సమ్మవ్వ వీపు రాస్తూ ఏడ్చింది. "ఊపిరి తీస్కో బిడ్డా. ఆడ నొప్పులు పడే పిల్లకోసం గూడ తీస్కో."

రాజకుమారి సూదిబెజ్జమంత సందులోంచి గాలిని లాగింది. మళ్లీ లాగింది. ఎంతసేపో తెలియదు. ఒక్కసారిగా గొంతు విడివడి, ఏటి గాలి కడుపు దాకా దిగింది. దాని వెంటనే రొమ్ములో ఇంకొక ఊపిరి ఆడింది. చిన్నది, కోడిపిల్ల ఊపిరిలా వడివడిగా.

అంతలో బిశ్వాస్ ఫోన్ వచ్చింది. "ఆఖరి బట్టీ గూడ ఆరింది. ఆడపిల్ల, అక్కా! తల్లి మంచిగున్నది."

భూపాల్ నవ్వాడు. రాజకుమారికి నవ్వు రాలేదు. దూరాన ఇసుక లారీ పోతుంటే గబుక్కున కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. ఇంతవరకు రెండు పాణాలకే భయపడేది, ఇప్పుడు మూడు.

నాలుగో రోజు సూపర్‌వైజర్ జగదీశ్వర్ ఫోన్ చేశాడు. "రేపన్న వస్తవా, ఇంకొకల్లను పెట్టుకోవాల్నా?"

"పెట్టుకో సారూ," అంది రాజకుమారి. "నా ఊపిరి తోటి ఒక పసిగుడ్డు ఉన్నది."