పొక్కని టీకా

నేను ఒక టీకా చక్రాన్ని. పేరు విని రథచక్రమంత ఊహించుకోకండి నాయనా! చింతగింజంత ఉక్కు బిళ్ళ, దాని అంచున చీమ కోరల్లాంటి మొనలు, పట్టుకోవడానికి ఓ కాడ. అంతే నా ఒళ్ళు. మశూచి మన ఊళ్ళను ఏలుతున్న కాలంలో జబ్బ మీద మందుచుక్క పెట్టి, దాని మీద నన్ను ఆనించి ఒక్క తిప్పు తిప్పేవాళ్ళు. మీ తాతమ్మల జబ్బ మీద గుండ్రటి మచ్చ ఉండేదే, అది నా చలవే.

నన్ను చేసిన చెయ్యి ఎవరిదో ఎరగను. కొలిమి వేడీ ఆకురాయి గీరుడూ మాత్రం గుర్తున్నాయి. కళ్ళు తెరిచేసరికి టీకాల దస్తగిరి సాహెబు ఖాకీ సంచిలో ఉన్నాను. మంచి మనిషి. ఒక చేతి మీంచి మరో చేతి మీదికి పోయే ముందు నన్ను స్పిరిటు దీపం మంటలో కాల్చేవాడు. సీతమ్మకు ఒక్కసారే అగ్నిప్రవేశం, నాకు చేతికొకటి!

మనుషుల ధైర్యం నేను చూసినంత ఎవరూ చూసి ఉండరు. సాహెబు సైకిలు గంట వినపడితే మీసాలు మెలేసిన మగాళ్ళు కూడా అటకెక్కేవాళ్ళు. చీరాల వైపు ఒక నేతవీధిలోనైతే మగ్గం గుంటల్లోకి దూరేవాళ్ళు. ఆ వీధిలో ఒక్క నాంచారమ్మే ఎదురొచ్చి, "రా సాయిబూ, కూచో" అని మజ్జిగిచ్చేది. తల్లి లేని మనవరాలు పున్నమ్మ చేతిని తనే చాపేది. ఆమెను చూసి మిగతావాళ్ళూ పిల్లల్ని తెచ్చేవాళ్ళు.

తీరా వారం గడిచాక చూస్తే ఆ వీధిలో ఒక్క చెయ్యీ పొక్కలేదు. టీకా పొక్కితేనే ఎక్కినట్టు. సాహెబు నన్ను ఎండకు ఎత్తి చూశాడు. "దీని పళ్ళు అరిగిపోయినయ్యి. పాత ఇనుముకి ఎయ్యాల్సిందే" అన్నాడు. నా సంగతి అలా ఉంచండి. పక్క ఊళ్ళో అప్పటికే మశూచి దిగింది మరి. తప్పు నాదైతే, ఆ పసిదాని గతేమిటి?

చేతిలో వేరే చక్రం లేక, నన్నే కాస్త గట్టిగా ఒత్తి పిల్లలందరికీ మళ్ళీ వేశాడు. సైకిలెక్కి వీధి చివరిదాకా వెళ్ళాక స్పిరిటు సీసా మర్చిపోయానని వెనక్కి తిరిగాడు. అరుగు మీద పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. పడుగుకు పట్టించే గంజి ముంతలో గుడ్డ ముంచి, నాంచారమ్మ ఒక్కొక్క చెయ్యే రుద్ది కడుగుతోంది!

"ఏందక్కా ఇది?" అన్నాడు సాహెబు.

ఆమె తొణకలేదు. "నువ్వు సర్కారు మనిషివి, నీ పని నువ్వు చేశావు. నీ మాట తీసెయ్యకుండా చెయ్యి చాపినం. ఇప్పుడు నా పని నేను చేసుకుంటన్నా. ఊళ్ళోకి రాని అమ్మోరిని పిలకాయల చేతిలో కూచోబెట్టి పోతావా? దీని తల్లిని తీసుకుపోయింది చాల్లేదా?"

సాహెబు అరుగు అంచున కూలబడ్డాడు. కోప్పడలేదు. స్ఫోటకం గుంటలు నిండిన ఆమె మొహంకేసి చూస్తూ అడిగాడు. "నీకూ పోసింది గదా చిన్నప్పుడు. మరి కూతురికి పోసినప్పుడు నువ్వు యాడున్నావు?"

"పక్కనే పడుకున్నా. చీము తుడిచా. నన్నూ తీసుకుపొమ్మని మొక్కుకున్నా." "తాకలా సాయిబూ. ఏం పాపం చేశాననో, దాన్ని తీసుకుని నన్నొదిలేసింది."

"నీ పాపం కాదక్కా! నీ ఒళ్ళే దాన్ని రానీలా. చిన్నప్పుడు దాంతో కలబడి గెలిచింది గదా, గుర్తు పెట్టుకుంది. మళ్ళా వస్తే గుమ్మంలోనే తరిమింది. నీ కూతురి ఒళ్ళు దాని మొహమే ఎరగదు. ఎట్లా కొట్టాలో నేర్చుకునేలోపలే అయిపోయింది."

"మరి ఈ మందు?"

"ఇది మశూచికి చెల్లెలి వరస. పోలిక అదే, బలం తక్కువ. దీంతో తలపడితే ఆ అక్కనీ పసిగడతది ఒళ్ళు. జరమొస్తది, చెయ్యి పొక్కుద్ది. భయపడమాక."

నాంచారమ్మ ఎన్నేళ్ళుగానో మోస్తున్న బరువును ఎక్కడ దించాలో తెలియనట్టు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూచుంది. ఆఖరికి గంజి ముంత పక్కకు నెట్టి, పున్నమ్మను ముందుకు తోసింది. "మళ్ళీ వెయ్యి."

సాహెబు చెప్పింది నిజం. చర్మం గుమ్మం దాకా వెళ్ళి వచ్చినదాన్ని, నాకు తెలియదా! మశూచి పురుగు కంటికి ఆనదు. రోగి ఊపిరిలోంచి, పక్కబట్టల్లోంచి మరొకరి ముక్కులో దూరి, పుట్టలు పుట్టలుగా పెరుగుతుంది. మనుషులేమో అమ్మవారికి కోపమొచ్చిందంటారు. పాపం ఆ తల్లి, ఎన్ని నిందలు మోసిందో! ఒంట్లో నెత్తుటి వెంట తిరిగే కాపలావాళ్ళుంటారు. శత్రువును పట్టుకుని పోరాడతారు, ఆ పోరు వేడే జ్వరం. గెలిచాక కొందరు ఆ మొహాన్ని మర్చిపోకుండా ఏళ్ళ తరబడి కాచుకుని ఉంటారు.

పున్నమ్మకు జ్వరమొచ్చింది. చెయ్యి వాచి, పొక్కు చీము పట్టింది. సాహెబు రోజూ వచ్చి చూసేవాడు, సంచిలో నేనూ. ఎదురింటి బుచ్చెమ్మ గుమ్మంలో నిలబడి దెప్పేది. "కూతుర్ని పోగొట్టుకున్నా బుద్ధి రాలా! ఇప్పుడన్నా కడగవే, నా పిల్లోళ్ళకి కడిగా, చూడు ఎంత బాగున్నారో!" నాంచారమ్మ చెయ్యి గంజి వైపు పోబోయి ఆగడం నేను చూశాను. పసిదాని మూలుగు విని కూడా ఆ చేతిని ఆపుకోవడం ఎంత కష్టమో ఏ ఉక్కుకు తెలుస్తుంది! పొక్కు ఎండి, పక్కు రాలింది. మచ్చ మిగిలింది.

ఆ తర్వాత కాలం మారింది. ఊరూరా టీకాలు పడి, మశూచి భూమ్మీదే లేకుండా పోయింది. నాకూ పని పోయింది. ఇప్పుడు ఓ వైద్య కళాశాల గాజు బీరువాలో ఉంటున్నాను. "పచ్చబొట్టు పొడిచేదా ఇది?" అని పిల్లలు నవ్వుకుంటారు. నవ్వనీ, ఆ జబ్బు మొహం ఎరగనివాళ్ళు నవ్వాల్సిందే.

నాకు మాత్రం పున్నమ్మ పొక్కు మానిన కొన్నాళ్ళకు వచ్చిన ఒక ఎండాకాలపు మధ్యాహ్నమే మనసులో మెదులుతుంది. మశూచి నేతవీధిలో దిగి, బుచ్చెమ్మ ఇద్దరు బిడ్డలూ మంచాన పడ్డారు. వీధంతా తలుపులు మూసుకుంది. సాహెబు టీకా పొక్కని చేతులన్నీ వెతికి టీకాలేస్తూ తిరుగుతున్నాడు. అప్పుడు నాంచారమ్మ చెంబు నిండా మజ్జిగ పోసి పున్నమ్మ చేతికిచ్చి, వేపమండలు తను పట్టుకుని, ఎదురింటి వైపు నడిచింది. గుమ్మంలో ఆ పిల్ల ఆగింది.

"నాకు రాదా అమ్మమ్మా?"

నాంచారమ్మ తలుపు తోసింది. "వస్తే నీ ఒళ్ళు చూసుకుంటదిలే. నడువు, పిల్లలు దాహంతో ఉంటారు."